కాచుకునే పని

డ్రైవరు పనంటే తోలడం కాదు,
కాచుకోవడం.
మేడమ్ అవెన్యూస్ మాల్‌లోకి పోతే మూడు గంటలు,
పిల్లోడు ట్యూషన్‌కి పోతే రెండు,
దివానియాలో బాబా మాటలు ముగిసేదాకా ఎన్ని గంటలో
నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు.
పన్నెండేండ్లుగా కువైట్‌ని నేను
చూసింది ఎక్కువగా ఆగిన బండి అద్దంలోంచే.

జుమ్మా బజార్లో ఒక ఈజిప్టు ముసలాయన
గోనెపట్ట మీద పరిచిన పాత ఫోన్ల మధ్య
ఈ కెమెరా. లెన్సు అంచుకి చిన్న సొట్ట.
నలభై దీనార్లు చెప్పి ఇరవై ఎనిమిదికి దిగినాడు.
ఆ నెల డబ్బు తగ్గితే
తమ్ముడు ఓబులేసు ఫోన్ చేసి అడిగినాడు, ఏమైందన్నా అని.
పన్ను పీకించుకున్నా అని చెప్పినా.
ఏ పన్ను అని కూడా అడిగినాడు వాడు.

శుక్రవారం, తెల్లారి బాంకు వినపడకముందే
సులైబిఖాత్ ఒడ్డు.
సముద్రం దూరంగా జరిగిపోయి
కనుచూపు మేరా బురద, బురద మీద మెరుపు.
వెనకాల రింగురోడ్డు రొద.
బొక్కబోర్లా పండుకుంటే
చొక్కా గుండీల సందుల్లోంచి తేమ ఎక్కుతుంది.
ఇదీ కాచుకోవడమే.
కాకపోతే ఇక్కడ "యల్లా" అనే గొంతు లేదు.

మొదటి ఆర్నెల్లు నాకు పడినవి తోకలు.
ఒక రెక్క కొస.
పిట్ట లేచిపోయిన చోట నీటి చుక్కలు.
మూడుసార్లు నా సొంత బూటు.

తర్వాత కనిపెట్టినా:
ఎగరబోయే ముందు పిట్ట కొంచెం కుంగుతుంది,
చాలాసార్లు రెట్ట వేస్తుంది.
అప్పుడు నొక్కాలి. లేచినాక నొక్కితే ఆలస్యం.
ఇది నాకు కొత్త విద్యేం కాదు.
మేడమ్ కూడా చుట్టాలింట్లో లేచే ముందు
చేతిసంచి జిప్పు రెండుసార్లు లాగుతుంది,
తెరిచిన తలుపులోంచి ఆ చప్పుడు వినే
నేను బండి ఏసీ వేసిపెడతాను.

తెలిసినవి ఉల్లంకులు, కొంగలు, రాజహంసలు.
తెలీనిదాన్ని నేనే పిలుస్తా:
నలుపూ తెలుపూ చొక్కా వేసుకుని
పీతని కాలు కాలూ విరిచి తినేదాన్ని
"మేస్త్రీ" అంటాను. మా క్యాంపులో
అట్లాగే నింపాదిగా తినే మేస్త్రీ ఒకడుండేవాడు.

ఒకరోజు తెల్లబండి వచ్చి ఆగింది.
ఏం తీస్తున్నావని అడిగినాడు పోలీసు కుర్రోడు.
తైర్, తైర్ అన్నా, చేతులు రెండూ పైకి పెట్టి.
కెమెరా తీసుకుని ఒక్కొక్కటే జరిపినాడు,
తోకలు, తోకలు, బూటు,
అక్కడ నవ్వినాడు.
మా తాత వీటిని వలేసి పట్టేవాడు అని చెప్పి
తిరిగి ఇచ్చేసినాడు. మెడలో వారు తనే సర్దినాడు.

నెలకి రెండు శుక్రవారాలు నా భార్య రామతులసికి సెలవు.
ఆమె పనిచేసేది హవల్లీలో ఇంకో ఇంట్లో.
మాలియా బస్టాపు వెనక గోడ నీడలో కూర్చుని
వంద ఫిల్సుల చాయ్, కెమెరా మధ్యలో.
తెర మీద బొటనవేలు పెట్టి లాగుతుంది.
ఇది ఫోను కాదే అంటే
మరెందుకు ఇంత బరువు అంటుంది.

ఈసారి ఒక రాజహంస. పొడవాటి కాలికి తెల్ల కడియం,
కడియం మీద నాలుగు అక్షరాలు.
ఎవరో ఎక్కడో పట్టుకుని, తొడిగి, వదిలినారు.
మూడు కనపడుతున్నాయి, నాలుగోది బురద కింద.
"దీనికీ బతాకా ఉందే!" అనింది.
"ఎప్పటిదాకా చెల్లుతుందో రాసినారా?"

ఆమెది వచ్చే నెలతో సరి.
వాళ్ళు మళ్ళీ కొట్టిస్తారో లేదో
రెండు నెలలుగా అడగలేదు ఆమె,
నేనూ అడగలేదు.
బొమ్మని పెద్దది చేసి చూపించినా, ఇంకా పెద్దది,
అక్షరాలు గళ్ళుగళ్ళుగా విడిపోయేదాకా.

చాయ్ గ్లాసు కింద పెట్టింది.
చేతిసంచి జిప్పు లాగింది.
మళ్ళీ ఒకసారి లాగింది.

కెమెరా నా ఒళ్ళోనే ఉండింది.

బస్సు మలుపు తిరిగినాక చూసుకుంటే
కార్డులో ఇంకా నూట పన్నెండు బొమ్మలకి చోటుంది.